రెండో కొస ఎవరు పడతారు

జూన్ 4

చిన్నోడా,

నీకు, మరదలికి, పిల్లకి ప్రభువు పేరట అక్క దీవెనలు. నేను బాగానే ఉన్నాను, మోకాళ్ళు తప్ప. వాటి సంగతి అడగకు, మొదలుపెడితే ఉత్తరమంతా అవే ఆక్రమిస్తాయి. అక్క ఫోను ఎత్తదని మరదలు బాధపడిందట. ఎత్తి ఏం లాభమే తల్లీ అని చెప్పు. ఎడమ చెవి ఎప్పుడో పదవీ విరమణ చేసింది, కుడిది సగం జీతానికి పనిచేస్తోంది. కాగితం మీదైతే మీరు గొణిగినా నాకు వినబడుతుంది.

ఇక విషయానికొస్తాను, కోపం చల్లారకముందే. మా సంఘంలో పాటలు ఎత్తుకునే ఆవిడ తెలుసుగా? గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది, నోరు ఆ రెండిటికంటే పెద్దది. పోయిన నెల మీ ఆసుపత్రిలోనే ఆపరేషను చేయించుకుని వచ్చింది. ఆదివారం ఆరాధన ముగియగానే నన్ను పక్కకి లాగి, "ప్రార్థన గదిలో శిలువని కప్పేస్తారంటమ్మా! అన్ని మతాలవాళ్ళకీ ఇబ్బంది లేకుండా ఉండాలనంట" అంది. ఇంటికొచ్చిన దగ్గర్నుంచి నాకు అదే ఆలోచన.

ఇది నిజమేనా? ఆ ఆసుపత్రికి వడ్రంగివి నువ్వు. తలుపు కిర్రుమన్నా, మంచం కోడు ఊగినా నిన్నే పిలుస్తారు. ఆ గోడమీద ఏం చేసినా నీ చేతి మీదుగానే జరగాలి. నీకు తెలియకుండా ఎలా ఉంటుంది?

ఆ శిలువ ఎవరు చేశారో నీకు చెప్పక్కర్లేదు. కానీ ఎలా చేశాడో నువ్వు చూడలేదు, అప్పటికి నువ్వు ఇంకా అమ్మ కడుపులో ఉన్నావు. నాన్న ఒక్క ఇనప మేకు కూడా వాడలేదు. "ఆయనకి కొట్టిన మేకులు చాలు, నేను ఇంకోటి కొట్టను" అన్నాడు. కొయ్యలో కొయ్య దూర్చి నిలబెట్టాడు. నేను నర్సుగా ఆ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ డ్యూటీ ఎక్కేముందు ఆ కొయ్యని ముట్టుకునే వార్డులోకి వెళ్ళాను.

ఎవరైనా రావచ్చని ఆ తలుపుకి గొళ్ళెం కూడా పెట్టలేదురా. ఏ దేవుణ్ణి నమ్మేవాడినైనా బయటికి పొమ్మన్నామా? రండి, కూర్చోండి, ఏడవండి అన్నాం. ఇప్పుడేమిటి, చుట్టాల్ని పిలిచి ఇంటాయన్ని మూల గదిలో దాచేస్తారా? ఇంటాయన లేని ఇంటిని ఇల్లనరు, సత్రమంటారు.

వెంటనే జవాబు రాయి.

అక్క

&nbsp;

జూన్ 12

అక్కా,

నమస్కారాలు. నీ మోకాళ్ళకి నూనె సీసా పంపుతున్నాను. ఫిజియోథెరపీ ఆవిడ ఇచ్చింది, నీ పేరు చెప్పగానే డబ్బు తీసుకోలేదు. "పెద్ద సిస్టరమ్మ ఇంకా అలాగే అరుస్తారా?" అని అడిగింది. చెవులు తగ్గాయి గానీ గొంతు తగ్గలేదన్నాను. మీ మరదలు కుట్టుమిషను బాగుచేయించుకుంది, రోజంతా ఇల్లు రైలుపెట్టెలా ఊగుతోంది. పిల్ల పరీక్షలు బాగా రాసిందట. రాయలేదని ఎవరైనా చెబుతారా?

నువ్వడిగిన సంగతి. అవును, అలాంటి మాట నడుస్తోంది. తీసెయ్యడం కాదక్కా, ఊరికే కంగారుపడకు. చుట్టూ చెక్క చట్రం కట్టి, బీరువాకి ఉన్నట్టు రెండు తలుపులు పెడతారు. కావలసినవాళ్ళు తెరుచుకుంటారు, వద్దనుకునేవాళ్ళు మూసుకుంటారు. కొత్త మేనేజరుగారు దానికి ఒప్పుకున్నారు. ఆయన్ని మేమంతా చిరునవ్వు సారు అంటాం. సెలవు ఇవ్వనని చెప్పేటప్పుడు కూడా నవ్వుతూనే చెబుతారు.

నువ్వున్నప్పటి ఆసుపత్రి కాదక్కా ఇది. రెండంతస్తులు లేచాయి. ఎక్కడెక్కడినుంచో వస్తున్నారు. లిఫ్టు పక్కన ఒక పెద్దాయన రోజూ తువ్వాలు పరుచుకుని ప్రార్థన చేసుకుంటాడు, మనవాడు కాదు. భార్య ఆ పక్క వార్డులోనే ఉంది, బాగుపడుతుందన్న ఆశ లేదు. ఒకరోజు ఆయన ప్రార్థన గది గుమ్మందాకా వచ్చాడు. నేను లోపల బెంచీ సరిచేస్తున్నాను. గుమ్మంలో ఆగాడు, గోడకేసి చూశాడు, వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. మళ్ళీ అదే లిఫ్టు పక్కన, జనం కాళ్ళ మధ్య. స్ట్రెచర్లు ఆయన్ని ఒరుసుకుంటూ పోతాయి. అది చూశాక నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇంతకంటే ఏం రాయాలో తెలియడం లేదు. నా మనసు నీకు తెలుసు కదా.

నీ తమ్ముడు

&nbsp;

జూన్ 19

నా బంగారు తమ్ముడికి,

దీవెనలు. నూనె అందింది, వాసన మాత్రం పాత స్టోర్‌రూములా ఉంది. అయినా మోకాళ్ళకి రాసుకుంటున్నాను.

నీ మనసు నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నిన్ను ఎత్తుకుని తిప్పింది నేను. నోట్లో నాలుక లేనివాడివి, పై అధికారి ముందు నోరు మెదపలేవు. అందుకే నీ బదులు నేను మెదిపాను. ఆసుపత్రి పెద్దల కమిటీకి ఉత్తరం రాశాను. మా సంఘం పెద్దలందరూ కింద సంతకాలు పెట్టారు. "ఆ శిలువ చేసినవాడి కూతుర్ని నేను. ప్రస్తుతం మీ దగ్గర వడ్రంగిగా ఉన్న నా తమ్ముడి అభిప్రాయం కూడా ఇదే. కానీ ఉద్యోగం పోతుందని జంకి చెప్పలేకపోతున్నాడు" అని స్పష్టంగా రాశాను. ఇక నీ గుండెలమీది బరువు దిగినట్టే.

తలుపులు పెడతారా? పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఇదే. తీసేస్తే తీసేశామని చెప్పుకునే దమ్ము లేదు, ఉంచితే ఉంచామని చెప్పుకునే దమ్మూ లేదు. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు. సిగ్గుపడాల్సినదాన్ని కదరా మనం కప్పేది! ఆయన్ని చూసి మనం ఎందుకు సిగ్గుపడాలి?

ఈ కొత్త మర్యాద నాకు మింగుడుపడదు. పాటలావిడ కూతురు పనిచేసే ఆఫీసులో గుమ్మం ముందే పెద్ద బోర్డు ఉందట, ఇక్కడ అందరికీ చోటుందని. ఆ పిల్ల మధ్యాహ్నం అన్నం ముందు కళ్ళు మూసుకుని రెండు మాటలు గొణుక్కుంటే, పక్కనున్నవాళ్ళకి ఇబ్బందిగా ఉంటుందని పిలిచి చెప్పారట. అందరికీ చోటుంది, మోకాళ్ళూనేవాళ్ళకి తప్ప. ఎవరి నమ్మకాన్ని వాళ్ళు చెప్పులతోపాటు బయట వదిలి రావాలంటే, లోపలికి వచ్చేది ఎవరు? మనుషులా, చొక్కాలా?

ఆ పెద్దాయన సంగతి చదివి నాకూ జాలేసింది. అబద్ధమెందుకు చెప్పను? కానీ ఆయనకి చోటివ్వాలంటే ఆయన పక్కన కూర్చో. ఆయన భార్యకి గ్లాసుడు నీళ్ళివ్వు. మన దేవుణ్ణి బీరువాలో పెట్టి తాళం వేస్తే ఆయన దుఃఖం తగ్గుతుందా?

ధైర్యంగా ఉండు. అక్క ఉంది.

నీ అక్క

&nbsp;

జూన్ 27

అక్కా,

ఎంత పని చేశావు!

సోమవారం చిరునవ్వు సారు నన్ను గదిలోకి పిలిచారు. మొదటిసారి ఆయన ముఖంలో నవ్వు లేదు. నీ ఉత్తరం బల్లమీద పెట్టి, "ఇందులో రాసింది నిజమా, నువ్వు నాతో చెప్పింది నిజమా?" అన్నారు. అక్కడ గుమాస్తా ఉన్నాడు, హెడ్ నర్సు ఉంది. వాళ్ళందరి ముందు రెండు నాలుకలవాడినయ్యాను. మర్నాటినుంచి క్యాంటీనులో నేను కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రావడం లేదు. శిలువ ఉండాలనేవాళ్ళకి నేను ద్రోహిని, వద్దనేవాళ్ళకి దొంగని. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అది నేనే.

ఇక దాచి ఏం లాభం? ఆ తలుపుల ఆలోచన చిరునవ్వు సారుది కాదు. నాది. నేనే వెళ్ళి చెప్పాను. ఆ పెద్దాయన గుమ్మంలోంచి వెనుదిరిగిన రోజే చెప్పాను. చట్రం బొమ్మ కూడా నేనే గీసిచ్చాను. నాన్న కొయ్యకి ఒక్క గీత పడకుండా చుట్టూ నిలబెట్టేలా గీశాను. నాకది పాపమనిపించలేదు. నాన్న ఉంటే ఆయన కూడా ఆ పెద్దాయన్ని లోపలికి పిలిచేవాడనే అనుకున్నాను.

మొదటి ఉత్తరంలోనే చెప్పాల్సింది. నీకు భయపడ్డాను. ఈ వయసులో కూడా నీకు భయపడతాను, ఏం చెయ్యను? కానీ నువ్వు ఒక్క మాట అడగాల్సింది అక్కా. "నీ అభిప్రాయం ఏమిట్రా" అని. నా మనసు నీకు తెలుసన్నాను గానీ, నా సంతకం నీకిచ్చానా?

వచ్చే వారం కమిటీ కూర్చుంటుంది. నన్ను కూడా రమ్మన్నారు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. మీ మరదలు రెండు రోజులుగా మిషను తొక్కడం లేదు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంటే ఇంత భయంగా ఉంటుందని నాకు తెలియదు.

తమ్ముడు

&nbsp;

జూలై 3

నీ ఉత్తరం అందింది.

నాన్న పేరెత్తావు. ఎత్తకు. ఆయన బతుకంతా కొయ్య ముందు తల వంచాడు గానీ దాని మొహంమీద తలుపు వెయ్యలేదు.

నిన్ను అడగకుండా నీ పేరు రాయడం నాదే పొరపాటు. నువ్వు మగాడివని, నాన్న కొడుకువని, అడగక్కర్లేదని అనుకున్నాను. ఆ పొరపాటు మళ్ళీ చెయ్యను. కమిటీకి రెండో ఉత్తరం ఈరోజే వేస్తున్నాను. "నా తమ్ముడి అభిప్రాయం నాది కాదు, అతని మాటకి నాకు సంబంధం లేదు" అని రాశాను. నీ ఉద్యోగానికి అది పనికొస్తే వాడుకో.

పరాయివాళ్ళు ఎదురు తిరిగితే తట్టుకోవడం నేర్చుకున్నాను. ఇంట్లోవాడు, ప్రభువుని పట్టిచ్చిన ఆ శిష్యుడిలా, ముద్దుపెట్టి అప్పగిస్తే ఎలా తట్టుకోవాలో ఇంతవరకు నేర్చుకోలేదు. బొమ్మ గీసిచ్చావా? కొలతలు కూడా తీసుకున్నావా? నాన్న టేపుతోనేనా?

నూనె సీసా తిరిగి పంపుతున్నాను. ఆ గది నువ్వనుకున్నట్టు సర్దుకో. నా గుమ్మం మాత్రం తొక్కకు.

&nbsp;

జూలై 9

అక్కా,

నువ్వు పేరు కూడా రాయలేదు. అయినా నేను రాస్తున్నాను. ఇది చదవకుండా చింపొద్దు. నా కోసం కాదు, నాన్న చేసినదాని కోసం అడుగుతున్నాను.

కమిటీ కూర్చుంది. నన్ను నిలబెట్టి అడిగారు. తలుపులు నేనే అడిగానని చెప్పాను. మా అక్క అబద్ధం చెప్పలేదని, నేను నిజం చెప్పకపోవడంవల్ల ఆమె అలా అనుకుందని చెప్పాను. "ఆమె ఈ ఆసుపత్రిలో ఎంతమందికి చివరి నీళ్ళు పోసిందో మీకు తెలియదు, ఆమెని తక్కువచేసి మాట్లాడకండి" అని కూడా అన్నాను. నా నోట్లో నాలుక లేదంటావు కదా, ఆరోజు ఉంది.

ఉద్యోగం ఉంచారు. కానీ నీ ఉత్తరాలు రెండు, నా మాట ఒకటి, నర్సులు రెండు జట్లు. అన్నీ చూసి వాళ్ళకి విసుగొచ్చింది. "తలుపులూ వద్దు, తగువులూ వద్దు. శిలువ మొత్తం తీసెయ్యండి, గోడకి రంగు కొట్టండి" అన్నారు. చిరునవ్వు సారు మళ్ళీ నవ్వారు. మనిద్దరం కలిసి దాన్ని గోడమీంచి దింపేశాం అక్కా. నువ్వొక కొస లాగావు, నేనొక కొస లాగాను.

ఇప్పుడు అసలు సంగతి. కాంట్రాక్టరు మేస్త్రి వచ్చి చూశాడు. మేకు లేదు, బోల్టు లేదు, ఎలా నిలబడిందో అంతు పట్టలేదు. "శనివారం రంపం తెస్తా, అడ్డకొయ్య దగ్గర రెండు ముక్కలు చేస్తే ఊడొస్తుంది" అన్నాడు. నేను వేళ్ళతో తడిమి చూశాను. వెనక కుసి ఉంది, నాలుకలా చెక్కిన కొయ్య కొస, అది గోడలోకి దూరింది. అంతవరకే తెలుస్తోంది. అది ఎంత లోతు, ఎక్కడ బిగించాడు, ఎటునుంచి కొట్టాడు? తప్పువైపునుంచి కొడితే ఇంకా బిగుసుకుంటుంది, కొయ్య చీలిపోతుంది. నాన్న నాకు వడ్రంగం నేర్పాడు గానీ ఇది చెప్పకుండానే పోయాడు.

అది నిలబెట్టిన రోజు అక్కడున్నది నువ్వొక్కదానివే. ఎలా తియ్యాలో చెప్పు. చెప్పకపోయినా అది దిగుతుంది, కాకపోతే ముక్కలుగా దిగుతుంది. శనివారం దాకానే గడువు.

తమ్ముడు

&nbsp;

జూలై 11

చిన్నోడా,

నీ ఉత్తరం నిన్న పొద్దున్న అందింది. రాయకూడదనుకున్నాను. చెప్పకపోతే రంపం పడుతుంది. చెబితే నా నోటితోనే దింపినట్టవుతుంది. మోకాళ్ళ మీద పడి అడిగాను. ప్రభువు ఏమీ అనలేదు. ఆయన అనకపోయినా నాన్న అన్న మాట గుర్తొచ్చింది.

ఆరోజు నాకు తొమ్మిదో ఏడు. చివరి దెబ్బ నాన్న నా చేత కొట్టించాడు. కొట్టాక నేను, "నాన్నా, ఎప్పటికీ ఊడకుండా సిమెంటు పోసెయ్యొచ్చు కదా" అన్నాను. "బిగించినదేదైనా చెక్కుచెదరకుండా విప్పగలిగేలా బిగించాలమ్మా. గోడ ఎప్పుడో కూలుతుంది. అప్పుడు కొయ్య మిగలాలి" అన్నాడు. అప్పుడు నాకు అర్థం కాలేదు. నిన్న సాయంత్రం అర్థమైంది, అర్థమై ఏడ్చాను. గోడ వాళ్ళది. కొయ్య మనది.

ఇక విను. నువ్వు చూడాల్సింది ఆ గదిలో కాదు, దాని వెనక దుప్పట్ల గదిలో. గోడకి ఆనించి పెద్ద బీరువా ఉంటుంది, నా కాలంలోనూ అక్కడే ఉంది. దాన్ని జరుపు. నీ ఛాతీ ఎత్తులో సున్నం కొంచెం ఉబ్బెత్తుగా ఉంటుంది. గీకితే కుసి కొస బయటపడుతుంది, ఈవైపుకి రెండు వేళ్ళ మందం పొడుచుకొచ్చి ఉంటుంది. దానికి అడ్డంగా, గోడని ఆనుకుని, బొటనవేలంత చెక్క చీల. పైనుంచి కిందకి దిగ్గొట్టాడు, కాబట్టి కింద సన్నం, పైన లావు. కిందినుంచి పైకి కొట్టు. కొయ్య సుత్తితో మాత్రమే. మొదటి మూడు దెబ్బలకి కదలదు, కంగారుపడి గట్టిగా బాదకు. చీల రాగానే శిలువ ముందుకి వాలుతుంది. ఆవైపు ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి, లేకపోతే నేలమీద పడుతుంది. తర్వాత ఇద్దరు కలిసి ముందుకి లాగాలి.

నా షరతు ఒకటి. రెండో కొస పట్టేవాడు విశ్వాసి అయి ఉండాలి. పరాయి చెయ్యి పడకూడదు. పాటలావిడ భర్తకి చెప్పాను, శనివారం బస్సుకి వస్తానన్నాడు. నా చాదస్తం అనుకో, ఏమైనా అనుకో.

ఇది చెబుతున్నానంటే ఒప్పుకున్నానని కాదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యను, బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను.

అక్క

&nbsp;

జూలై 17

అక్కా,

దిగింది. గీత పడలేదు. వెనక కుసి కూడా విరగలేదు. ప్రస్తుతం నా వర్క్‌షాపులో దుప్పట్లో చుట్టి ఉంది. చీల నా జేబులో ఉంది.

కానీ నీ షరతు నిలుపుకోలేకపోయాను. ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు చెబుతాను, మళ్ళీ దాచి తిట్లు తినే ఓపిక లేదు.

శనివారం పాటలావిడ భర్త కోసం చూశాను, రాలేదు. తర్వాత తెలిసింది, బస్సు దారిలో ఆగిపోయిందట. మేస్త్రి రంపం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "నీకు అరగంట ఇస్తా, తర్వాత నా పని నేను చేసుకుంటా" అన్నాడు. తను చెయ్యి వెయ్యనన్నాడు, అతని కూలీలు టీకి పోయారు. నర్సుల్ని పిలిస్తే ఎవరూ రాలేదు. ఉండాలన్న జట్టు దింపడానికి రామంది. వద్దన్న జట్టు మేం ముట్టుకోం అంది. నేను దుప్పట్ల గదిలో చీల కొట్టాలి, ఈవైపు పట్టుకునే మనిషి లేడు. నడవలోకి వచ్చి, "ఎవరైనా ఒక చెయ్యి వెయ్యండి" అని అరిచాను.

లిఫ్టు పక్కనుంచి ఆ పెద్దాయన లేచి వచ్చాడు.

ఆయన్ని వద్దనలేకపోయానక్కా. తువ్వాలు మడిచి భుజంమీద వేసుకుని, అడ్డకొయ్య కింద భుజం పెట్టాడు. "ఎవరు చేశారు?" అన్నాడు. మా నాన్న అన్నాను. "అయితే నెమ్మదిగా కానివ్వు, నేను పట్టుకునే ఉంటా" అన్నాడు. నేను అవతలికి వెళ్ళి కొట్టాను. నువ్వు చెప్పినట్టే మూడు దెబ్బలకి కదల్లేదు. నాలుగో దెబ్బకి చీల పైకి లేచింది. గోడ అవతల ఆయన "ఊఁ" అని మూలగడం వినబడింది. పరుగున వచ్చి చూస్తే బరువంతా ఆయన వీపుమీద ఉంది. వణుకుతున్నాడు గానీ వదల్లేదు. ఇద్దరం కలిసి బయటికి లాగి బెంచీమీద పడుకోబెట్టాం.

అప్పుడు నేనన్నాను, "ఇక మీరు ఇక్కడే ప్రార్థన చేసుకోవచ్చు, మీ కోసమే ఇదంతా" అని. ఆయన నా మొహంలోకి చూసి, "నా కోసమా? నేనడిగానా బాబూ?" అన్నాడు.

ఆరోజు గుమ్మంలోంచి వెనక్కి ఎందుకెళ్ళారని అడిగాను. లోపల ముందు బెంచీలో ఒకావిడ ఏడుస్తోందట, ఆడమనిషి దుఃఖంలో ఉంటే మధ్యలో వెళ్ళకూడదని ఆగాడట. నాకావిడ గుర్తే లేదు. బెంచీ కోడు చూస్తున్నాను, ఆమెని చూడలేదు. మరి లిఫ్టు దగ్గరే ఎందుకంటే, అక్కడినుంచి వార్డు తలుపుకున్న అద్దంలోంచి ఆయన భార్య మంచం కనబడుతుందట. కళ్ళు తెరిచినప్పుడల్లా ఆవిడ కనబడాలట. అంతే అక్కా. శిలువ ఆయనకి అడ్డమే కాలేదు. మళ్ళీ వెళ్ళి లిఫ్టు పక్కనే తువ్వాలు పరుచుకున్నాడు.

ఆ గది ఇప్పుడు తెల్లగా ఉంది. నిన్న ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు, గోడకేసి చూశారు, కూర్చోకుండా వెళ్ళిపోయారు. ఒకతను ఫోను ఛార్జింగు పెట్టుకుని నిద్రపోయాడు. ఆ పెద్దాయన తరఫున నేను బాధపడ్డాను, ఆయన్ని ఒక్క మాట అడగకుండా. ఇంత చేసి ఎవరికి చోటిచ్చానో నాకే తెలియడం లేదు.

శిలువని ఏం చెయ్యమంటావు? నీ గుమ్మం తొక్కొద్దని రాశావు, నేను మర్చిపోలేదు. లారీలో వేసి పంపితే అక్కడ దించుకోవడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఒక కొస ఎవరో పట్టుకుంటారు. రెండో కొస ఎవరు పడతారు?

నీ తమ్ముడు

&nbsp;

జూలై 22

చిన్నోడా,

నీకు, మరదలికి, పిల్లకి అక్క దీవెనలు. మరదలు మిషను తొక్కుతోందా? తొక్కమను.

నీ ఉత్తరం చదివి ముందు మండిపడ్డాను. పరాయి చెయ్యి పడకూడదని అంత చెప్పానే అనుకున్నాను. తర్వాత ఇంకోసారి చదివాను. మనవాళ్ళు రెండు జట్లుగా నిలబడి చూస్తుంటే, బస్సులో వస్తానన్న విశ్వాసి దారిలో చిక్కుకుంటే, దాని బరువు మోసింది ఆయనా! మొదటిసారి ప్రభువు శిలువని కూడా దారిన పోయేవాడే మోశాడు కదా అనిపించి, ఇక నోరు మూసుకున్నాను. నా షరతు ప్రభువుకి నచ్చలేదేమో.

నా అభిప్రాయం మారిందనుకోకు. ఆ గోడ బోసిపోవడం తప్పే. ఎవరూ లేని గదిని అందరి గది అనడం అబద్ధమే. రేపు ఎవరడిగినా ఇదే చెబుతాను, గట్టిగా చెబుతాను. కానీ ఒకటి. నువ్వు ఆ పెద్దాయన్ని అడగలేదు. నేను నిన్ను అడగలేదు. ఇద్దరం కలిసి ఎదుటివాడి నోట్లో మన మాట పెట్టి, పెద్ద ఉపకారం చేశామనుకున్నాం. నాన్న ఉంటే ఇద్దరికీ చెరో మొట్టికాయ వేసేవాడు, నాకే రెండు వేసేవాడు.

కాబట్టి ఈసారి అడుగు. ఆ పెద్దాయన దగ్గరికెళ్ళి, మా అక్క మీ భార్య కోసం ప్రార్థన చెయ్యొచ్చా అని అడుగు. ఆమెకి యేసు నామంలో తప్ప ఇంకోలా ప్రార్థించడం రాదని కూడా చెప్పు. అది దాచకు, కప్పకు. సరేనంటే ఆవిడ పేరు రాసి పంపు. వద్దంటే పేరు పంపకు, నేను బలవంతం చెయ్యను. ఆవిడ మంచం మాత్రం ఆయనకి ఇంకా బాగా కనబడేలా లిఫ్టు వైపు తలుపుకి ఎదురుగా వేయించమని ఆ హెడ్ నర్సుకి చెప్పు. నేను చెప్పానని చెప్పు, వేస్తుంది. ఆవిడకి పని నేర్పింది నేనే.

ఇక శిలువ. మా సంఘం మందిరంలో పెడదామన్నారు పెద్దలు. ముందు మా ఇంటికే తెమ్మన్నాను. ముందు గదిలో కిటికీ పక్క గోడ ఖాళీ చేయించాను. లారీలో నువ్వు కూడా ఎక్కు. గుమ్మం తొక్కొద్దని రాసిన మాట నేను వెనక్కి తీసుకోను, నా సంగతి నీకు తెలుసు. కానీ ఒక కొస నువ్వు పట్టుకుని గుమ్మం బయటే నిలబడితే శిలువ లోపలికి ఎలా వస్తుందిరా, వెర్రివాడా?

రెండో కొస నేను పడతాను. మోకాళ్ళ కోసం ఆ నూనె సీసా మళ్ళీ తీసుకురా. చీల మర్చిపోకు. చివరి దెబ్బ ఈసారి నువ్వు కొట్టు.

అక్క